చేతిలో రిటైర్మెంట్ డబ్బు: మేడ వేయాలా, పోస్టాఫీసుకు వెళ్లాలా?

నేనూ మా బావా ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాం. 2023 జూన్‌లో ఒకేరోజు దండలు వేయించుకుని బయటికొచ్చాం. ఒడిశాలోని రాయగడలో మా ఇళ్లు కూడా ఒకే వీధిలో, మధ్యలో నాలుగు గుమ్మాలు. పీఎఫ్, గ్రాచ్యుటీ, లీవు డబ్బులు అన్నీ కలిపి చెరో 42 లక్షలు వచ్చాయి. జీవితంలో ఒక్కసారిగా అంత డబ్బు చూడటం ఇద్దరికీ అదే మొదలు. అందులో 30 లక్షలతో బావ మేడ వేశాడు. నేను ఆ 30 లక్షలూ పట్టుకెళ్లి పోస్టాఫీసులో వేశాను.

ఏది మేలని మా వీధిలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. ఫ్యాక్టరీలో నాది అకౌంట్స్ సెక్షన్. కాబట్టి లెక్క నాకు వదిలేయండి.

ముందుగా ఒక మాట. మాబోటి ప్రైవేటు ఉద్యోగులకు పెన్షన్ అంటే ఈపీఎస్, పీఎఫ్‌తో పాటు నడిచే పెన్షన్ పథకం. అందులో 15 వేలు దాటిన జీతాన్ని మామూలుగా లెక్కలోకే తీసుకోరు. 33 ఏళ్లు చాకిరీ చేసినా మామూలుగా 7,500 దాటదు. నాకొచ్చేది మూడు వేల చిల్లర. పాలవాడికీ కరెంటు బిల్లుకీ సరి. అందుకే చేతికొచ్చిన మొత్తాన్ని ఎక్కడ పెడతామన్నదే మాకు అసలు పెన్షన్.

బావ లెక్క వినడానికి బాగానే ఉంది. "రాయగడకి రైల్వే డివిజన్ ఇస్తామని 2019లోనే చెప్పారు, బావా. అది వస్తే ఎంతమంది స్టాఫ్ దిగుతారో చూడు, అద్దె ఇళ్లు దొరకవు" అన్నాడు. ఆయన మాట వట్టిపోలేదు. 2025 జనవరి 6న డివిజన్ భవనానికి శంకుస్థాపన కూడా జరిగింది. అయితే బావ మేడ అంతకు ముందే లేచింది. 24 లక్షలని మేస్త్రి చెప్పిన అంచనా స్లాబు పడేసరికి 27 అయింది, రంగులయ్యేసరికి 30. ఇల్లు కట్టినవాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

మేడ మీద రెండు వాటాలు, ఒక్కోటి ఆరున్నర వేలు. నెలకు 13 వేలు, ఏడాదికి లక్షా 56 వేలు. కాగితం మీద ఐదు శాతం పైచిలుకు. మొదటి ఏడాది ఒక వాటా రెండు నెలలు ఖాళీగా ఉంది. 'టు లెట్' అని ఇంగ్లీషులో, దాని కింద తెలుగులో, దాని కింద 'ఘర ఖాలి అఛి' అని ఒడియాలో అట్టముక్క రాసి గేటుకి కట్టాడు బావ. వానకు అది తడిసి, మూడు భాషలూ కలిసిపోయి ఒకటే నీలం మరక మిగిలింది. ఈలోగా బోరు మోటారు కాలింది. మునిసిపాలిటీ హోల్డింగ్ ట్యాక్స్ పెరిగింది. వెళ్లిపోయినవాళ్లు గోడల నిండా మేకులు కొట్టి వెళ్లారు. అన్నీ పోను ఆ ఏడాది చేతికి మిగిలింది లక్షా 20 వేలు, అంటే నెలకు పదివేలు. 30 లక్షల మీద నాలుగు శాతం.

నాది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. మామూలుగా 60 నిండాలి. రిటైరైనవాళ్లకైతే 55 దాటితే చాలు, కానీ మేం రిటైరైనప్పుడు డబ్బు చేతికొచ్చిన నెలలోపు వేయాల్సి ఉండేది. ఆ గడువును 2023 నవంబరులో మూడు నెలలకు పెంచారు. ఈ సంగతి తెలియక గడువు దాటించుకుని, అరవై నిండేదాకా తక్కువ వడ్డీకి బ్యాంకులో పెట్టుకున్న మిత్రులు నాకున్నారు. మనిషికి 30 లక్షల వరకు వేయొచ్చు. 2023 ఏప్రిల్ ముందు 15 లక్షలే. నేను వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం. వేసిన రోజు రేటే ఐదేళ్లూ. ఏడాదికి 2,46,000, మూడు నెలలకోసారి 61,500. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి మొదట్లో సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. నెలకు పంచుకుంటే 20,500. బావకు మిగిలేదానికి రెట్టింపు. పైగా నా గోడకు ఎవరూ మేకులు కొట్టరు.

నెలనెలా వస్తేనే ఇల్లు నడుస్తుందనుకునేవాళ్లకు అదే కౌంటర్లో మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది. ఒక్కరి పేరున 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు. వడ్డీ 7.4 శాతం, అంటే 9 లక్షలకు నెలకు 5,550. వయసుతో పని లేదు గానీ రేటు తక్కువ. నేనైతే ముందు సీనియర్ స్కీము నింపి, ఇంకా మిగిలితేనే దీనివైపు చూడమంటాను.

ఇంత మంచిదైతే ఎవరూ చెప్పరేం అని బావ ఓసారి అడిగాడు. చెప్పేవాడికి అందులో ఏముంది? ఈ స్కీము మీద ఏజెంటు కమీషన్ 2011 డిసెంబర్‌లోనే తీసేశారు. రిటైరైన వారం రోజుల్లో మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లిన ఆరుగురిలో ఒక్కరూ దీని పేరెత్తలేదు. పాలసీలు చెప్పారు, ప్లాట్లు చెప్పారు. ఒకాయన నెలకు రెండు రూపాయల వడ్డీ అన్నాడు. ఒడిశాలో చిట్‌ఫండ్ కంపెనీల బాగోతం మీద 2013లో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చిన సంగతి మా ఆవిడకు గుర్తుంది. కాఫీ కప్పు తీసేస్తూ "రెండో కప్పు లేదండీ" అంది.

అయితే బావవైపు ఒక న్యాయం ఉంది, దాన్ని దాచను. నా 20,500 ఐదేళ్లూ 20,500గానే ఉంటుంది. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. అప్పుడు అదే డబ్బుకు ఇవాళ్టి పదివేల సరుకే వస్తుంది. అసలు 30 లక్షలదీ అదే గతి. ఐదేళ్లయ్యాక మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు గానీ అప్పటికి ఏ రేటుంటే అదే. 2020 ఏప్రిల్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా ఇది 7.4 శాతమే. ఆ రోజుల్లో రిటైరైనవాళ్లు దానికే సర్దుకున్నారు. బావ అద్దె మాత్రం పెరుగుతుంది. ఏటా ఐదు శాతం పెంచుకుంటూ పోతే ఆయన పదివేలు నా 20,500ను అందుకోవడానికి పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి మా ఇద్దరికీ 73.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. డెబ్బై మూడేళ్లప్పుడు నీళ్ల ట్యాంకులో నాచు ఎవరు తీస్తారు? అద్దె ఇవ్వనివాడి గుమ్మం ముందు ఎవరు నిలబడతారు? ఏది ఎంత ఇస్తుందని అందరూ చూస్తారు. ఏది ఎంత తిప్పుతుందన్నది కాళ్లు సహకరించనప్పుడు గానీ తెలియదు. బావ కొడుకు బెంగళూరులో, కూతురు పార్వతీపురంలో. మోకాళ్లు ఇప్పటికే నొప్పులంటున్నాయి.

పోస్టాఫీసు తిప్పదా అంటే తిప్పుతుంది. ఇటువైపు ఉండే తెలుగువాళ్లకు మరీనూ. ఒడియాలో 'వ'ని 'బ' అంటారు. నా పేరులోని 'వెంకట' కాస్తా బడి సర్టిఫికెట్‌లో 'బెంకట' అయింది. పాన్ కార్డులో వెంకట, ఆధార్‌లో బెంకట. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. డబ్బు పెట్టబోయిన మొదటిరోజు గుమాస్తా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో అక్షరం చూపించి, "మీరిద్దరా, ఒకరా?" అని అడిగాడు. నోటరీ అఫిడవిట్, ఆధార్ సవరణ, మూడు ప్రయాణాలు, పదకొండు రోజులు. నెల గడువుకు ఇంకా నాలుగు రోజులుందనగా ఖాతా తెరిచాను. ఆ పదకొండు రోజుల టెన్షన్ మా ఆవిడనడిగితే చెబుతుంది. రిటైర్మెంటుకు రెండేళ్లున్నవాళ్లు వడ్డీ రేట్లు చూడటం మానేసి ముందు పాన్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పక్కపక్కన పెట్టి పేర్లు చదువుకోండి. భార్యవి కూడా. ఖాతాను ఆవిడతో జాయింటుగా తెరిస్తే మన తర్వాత, స్కీము అర్హత ఉంటే, ఆవిడ దాన్ని అలాగే నడుపుకోవచ్చు.

తిప్పట మాట వచ్చింది కనుక గుణుపురంలో ఉన్న మా పిన్ని సంగతి. చిన్నాన్న పోయాక బట్టల కొట్టు అమ్మేసి, అందులో పది లక్షలు ఒక బీమా కంపెనీ యాన్యుటీ బాండులో వేసింది. బతికున్నంతకాలం నెలకు 5,700, తన తర్వాత పది లక్షలూ పిల్లలకు. పన్నెండేళ్లయింది. అప్పట్లో దాంతో నెల సరుకులు వచ్చి ఇంకా మిగిలేది. ఇప్పుడు మందులకే అయిపోతోంది. రూపాయి పెరగదు, అసలును మధ్యలో కదిపితే నష్టం. లెక్కగా చూస్తే పోస్టాఫీసు కన్నా ఇది వెనకే. కానీ పిన్ని చేయాల్సిందల్లా ఏడాదికోసారి బతికే ఉన్నానని కాగితం ఇవ్వడం. సంతకం తెలుగులో పెడుతుంది, ఎవరూ మారుమాట్లాడరు. ఒంటరిగా ఉండేవాళ్లకు, లెక్కల జోలికి పోనివాళ్లకు, కొడుకు అడిగితే కాదనలేని తల్లులకు కొంత డబ్బు ఇలా ఎవరి చేతికీ అందకుండా ఉండటం మంచిదే. కొంతే. ఉన్నదంతా కాదు.

స్థలం గురించి ఎక్కువ చెప్పను. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషన్, దానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్లకు బదిలీ కాదు. పవర్ ఆఫ్ అటార్నీ అంటారు, వంద రూపాయల స్టాంపు కాగితం అంటారు. అవన్నీ డబ్బు పోగొట్టుకునే దారులే. ఏళ్ల తరబడి అనుభవించినా సబ్ కలెక్టర్ దగ్గర కేసు పడితే భూమి వెనక్కి పోవచ్చు. చవగ్గా వస్తోందంటే పట్టాలో ఎవరి పేరుందో, ఆ పేరు ముందు ఎలా మారిందో చూసుకోవాలి. రిటైర్మెంట్ డబ్బుతో కోర్టు చుట్టూ తిరిగే వయసు కాదు మనది.

మరి ధరల పెరుగుదలకు నా దగ్గరున్న మందు ఏమిటి? మిగిలిన 12 లక్షల్లో నాలుగు బ్యాంకు డిపాజిట్‌లో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచాను. నేను వేసినప్పటి రూలు ప్రకారం స్కీము డబ్బు ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి పట్టుకుంటారు, రెండేళ్లలోపయితే అసలులో ఒకటిన్నర శాతం కోత, ఆ తర్వాత ఒక శాతం. కాబట్టి అవసరానికి దాన్ని ముట్టుకునే పని ఉండకూడదు. రెండు లక్షలు అమ్మాయి పురిటికి పోయాయి. ఆరు లక్షలు మ్యూచువల్ ఫండ్‌లో, సగం షేర్లు సగం బాండ్లు ఉండే రకంలో పెట్టాను. వచ్చే వడ్డీలోంచి కూడా నెలకు నాలుగువేలు తీసి అందులోకే తోస్తున్నాను. అంటే నా ఖర్చుకు నిజంగా ఉన్నది పదహారున్నర వేలే. బావతో వాదించేటప్పుడు ఈ ముక్క గొంతు తగ్గించి చెబుతాను.

ఫండ్‌లో భయం లేదా అంటే ఉంది. 2020 జనవరిలో 42 వేల దగ్గరున్న సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువకు పడింది. ఆ నవంబరుకల్లా పాత ఎత్తు దాటింది. ఎనిమిది నెలలు ఆ డబ్బు ముట్టుకోనక్కర్లేని మనిషికి ఏమీ కాలేదు. ఇంటి ఖర్చు దానిమీదే ఆధారపడినవాడు మాత్రం నష్టానికి అమ్ముకున్నాడు. అందుకే పదేళ్లు చూడకుండా ఉండగలిగినదే అందులో పెట్టాలి.

పన్ను గురించి చాలామంది బెంగపడతారు. వడ్డీ ఆదాయమే, పన్ను లెక్కలోకి వస్తుంది. కానీ 2025 బడ్జెట్ తర్వాత కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఇలాంటి ఆదాయానికి కట్టేది ఏమీ ఉండదు. ఏప్రిల్‌లో వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయొద్దని ఫారం ఇవ్వడం మరిచిపోకపోతే చాలు.

వైద్యం మాటకొస్తే, పెద్ద జబ్బయితే మాకు విశాఖే దిక్కు. రైల్లో నాలుగైదు గంటలు, ఆసుపత్రి దగ్గర గది, తోడు ఒక మనిషి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు కింద ఏడాదికి ఐదు లక్షల వైద్యం ఒడిశాలోనూ 2025లో మొదలైంది. రాష్ట్రం దాటినా పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. నాకు దానికి ఇంకా పదేళ్లు లేటు. ఆ నాలుగు లక్షల డిపాజిట్ ఈలోపు ఏ రాత్రయినా రైలెక్కాల్సి వస్తే అని.

మొత్తానికి ఎవరికేది? కొడుకో అల్లుడో అదే ఊళ్లో ఉండి, మోటారు కాలితే చూసుకునేవాళ్లయితే, సొంత ఇంటి మీద మేడ వేయడం తప్పు కాదు. కానీ ఉన్న డబ్బులో సగానికి మించొద్దు. బావ మూడు వంతులు కాకపోయినా దానికి దగ్గరగానే పెట్టేశాడు. పిల్లలు దూరంగా ఉంటే పోస్టాఫీసే ముందు, తర్వాతే మిగతావి. బావ ఒప్పుకోడు. రైల్వే వాళ్లు దిగనీ అంటాడు.

ఈ జనవరిలో నాకు జ్వరం. వడ్డీ తీసుకురమ్మని మా ఆవిడను పంపాను. విత్‌డ్రాయల్ ఫారం తనే నింపి, తెలుగులో సంతకం పెట్టి 61,500 తెచ్చింది, మొదటిసారి. డబ్బు బీరువాలో పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టానని చెప్పింది. దారిలో వాళ్ల అన్నయ్య, అదే మా బావ, ఇంటి ముందు ఎందుకు ఆగావని అడిగాను.

"మేడమీద కుళాయి కారుతోందట. అన్నయ్య మెట్లెక్కలేక కింద నుంచి అరుస్తున్నాడు. ప్లంబర్ నెంబరిచ్చి వచ్చాను" అంది.