మిల్లు బూడిద, బోరు నీళ్లు, నా నల్ల కారు: నాలుగేళ్ల వ్యాక్స్ అనుభవం

నల్ల కారు కొనొద్దని మా బావ చెప్పాడు, నేను వినలేదు. మా ఇల్లు మిర్యాలగూడలో రైస్ మిల్లులకు దగ్గర్లో ఉంది. కారు నిలిపేది వేపచెట్టు కింద. నాలుగేళ్లుగా దానికి మామూలు డబ్బా వ్యాక్స్, అంటే పెయింట్ మీద రాసే మైనపు పాలిష్, రాస్తున్నాను.

వ్యాక్స్ కంటే ముందు కడగడం గురించి చెప్పాలి, నేను చెడగొట్టుకున్నది అక్కడే. మొదటి ఏడాది రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో బానెట్ తుడిచేవాణ్ణి. మిల్లుల నుంచి వచ్చి కారు మీద పడే ఊక బూడిదలో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఎక్కువ, అంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దినట్టే. ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు! సర్వీసింగ్ కుర్రాడు రబ్బింగ్ కాంపౌండ్ (గీతల్ని అరగదీసే పేస్టు) కొట్టి పోగొట్టాడు కానీ ప్రతిసారీ పెయింట్ పైపొర కొంత అరుగుతుందని ఆ తర్వాత తెలిసింది. ఇప్పుడు ముందు నీళ్లు పోసి బూడిద జార్చి, కారు షాంపూతో మెత్తటి గుడ్డ పెడతాను. షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకోటి. బట్టల సబ్బుపొడి మాత్రం వద్దు, రాసిన వ్యాక్స్‌ని అదే లాగేస్తుంది.

నీళ్లు వృథా కాకూడదని ఒక వేసవి ఆర్‌ఓ మిషన్ నుంచి బయటకొచ్చే నీళ్లతో కడిగాను. అంతకంటే తెలివితక్కువ పని లేదు. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఉండేది వాటిలోనే. కారంతా తెల్లటి సుద్ద చుక్కలు. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, గుడ్డతో నిమిషం అద్ది కడిగేస్తే చాలావరకు పోయాయి. ఇప్పుడు నీడలోనే కడిగి, ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేస్తాను.

ఇక వ్యాక్స్. పలచగా రాయాలి, మందంగా రాస్తే తుడవలేక చేతులు నొప్పి పుడతాయి. రాశాక నీళ్లు ముత్యాల్లా జారతాయి, పిట్టల రెట్ట తడిగుడ్డకే వస్తుంది. వానాకాలంలో రెండు నెలలు దాటి ఉంటుంది, మే ఎండలకు నెలన్నర. మొదటి డబ్బా ఏడాదిన్నర పైనే వచ్చింది. సుద్ద మరకలను ఆపదు, పట్టు మాత్రం తగ్గిస్తుంది. ఐదుకి నాలుగిస్తాను.

తుప్పు సంగతి వేరే. నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీల టైర్ల నుంచి ఎగిరిన కంకర బానెట్ మీద పెయింట్ లేపితే, అక్కడ వ్యాక్స్ ఏం చేయలేదు. కంపెనీ రంగు పెన్ను తెచ్చి వెంటనే పూశాను, అది నిలిచింది. అసలు తుప్పు నాకు దొరికింది వెనక డోరు అడుగున. నీళ్లు బయటకు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, నీళ్లు లోపలే నిలిచాయి. పైన ఎంత మెరిసినా అక్కడ బుడగలు లేచాయి. చీపురుపుల్లతో పొడిస్తే గుప్పెడు ఎర్రమట్టి, దాని వెనకే టీ డికాక్షన్ లాంటి నీళ్లు కారాయి.