యూరప్ టూర్‌లో మొబైల్ డేటా: చిక్కంతా స్విట్జర్లాండ్ దగ్గరే

పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, బ్లాక్ ఫారెస్ట్, రైన్ జలపాతం, టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్, వాడుజ్, ఇన్స్‌బ్రుక్, వెనిస్, పీసా, రోమ్. మనవైపు నుంచి గ్రూపుల్ని తీసుకెళ్లే పది, పన్నెండు రోజుల యూరప్ ప్యాకేజీ కాస్త అటూఇటూగా ఇదే. కొన్నిటికి ముందు లండన్ తగిలిస్తారు. ఈ దారిలో ఫోన్‌కి నెట్ ఎలా అని అడిగితే "యూరప్ సిమ్ ఒకటి కొనుక్కోండి, అన్ని చోట్లా పనిచేస్తుంది" అనేవాళ్లే ఎక్కువ. ఆ మాట సగమే నిజం. మిగతా సగం, బస్సు స్విట్జర్లాండ్‌లోని రైన్ జలపాతం దగ్గర ఆగినప్పుడు తెలుస్తుంది.

2017 జూన్ 15 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల మధ్య రోమింగ్ ఛార్జీలు ఎత్తేశారు. ఫ్రాన్స్‌లో కొన్న సిమ్ జర్మనీలో, ఇటలీలో, ఆస్ట్రియాలో అదే ధరకి నడుస్తుంది. సమాఖ్యలో లేకపోయినా నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. స్విట్జర్లాండ్ రాదు. బ్రిటన్ ఒకప్పుడు ఉండేది, సమాఖ్య నుంచి బయటికొచ్చాక అక్కడ ఉచితంగా ఇవ్వాలా వద్దా అన్నది ఆపరేటర్ ఇష్టం. అంటే పదమూడు ఊళ్ల టూర్‌లో ఫొటోలు, వీడియో కాల్స్ ఎక్కువగా ఉండే స్విట్జర్లాండ్ రోజులే యూరప్ సిమ్ చేతులెత్తేసే రోజులు.

స్విట్జర్లాండ్ కలపని ప్రీపెయిడ్ సిమ్‌తో అక్కడ అడుగుపెడితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. సిమ్‌లో ప్యాకు తప్ప బ్యాలెన్స్ లేకపోతే నెట్ ఆగిపోతుంది, అంతే. ప్యాకుతోపాటు కొన్ని యూరోల బ్యాలెన్స్ కూడా ఉంటే, ఫోన్ జేబులో ఉండగానే అది నిమిషాల్లో కరిగిపోతుంది. టూరిస్టుల కోసమే అమ్మే కొన్ని ప్యాకుల్లో స్విట్జర్లాండ్, బ్రిటన్ కూడా కలిపి ఉంటాయి. కొనేముందు "యూరప్" అన్న పెద్దక్షరాలు కాదు, వెనకాల చిన్నక్షరాల్లో ఉన్న దేశాల జాబితా చదవాలి. అందులో స్విట్జర్లాండ్ కనిపిస్తేనే డబ్బివ్వండి.

సరిహద్దు అంటే బోర్డు ఉన్న చోటు అని ఫోన్‌కి తెలియదు. దానికి బలంగా తగిలిన టవరే దేశం. జర్మనీ వైపు నుంచి షాఫ్‌హౌజెన్ మీదుగా వస్తుంటే బస్సు ఇంకా జర్మనీలో ఉండగానే స్విస్ నెట్‌వర్క్ పట్టుకోవచ్చు. లీక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్‌లో ఇంకో తమాషా. లీక్టెన్‌స్టైన్ ఉచిత రోమింగ్ జాబితాలో ఉంది కదా అని గంటసేపు ఆగిన చోట డేటా ఆన్ చేస్తారు. ఊరి పక్కనే పారే రైన్ నదికి అవతలి ఒడ్డు స్విట్జర్లాండ్. ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌కి అంటుకుంటే ఛార్జీ స్విట్జర్లాండ్‌దే. లండన్ నుంచి కోచ్‌లో డోవర్ చేరేవాళ్లకి ఇదే కథ తిరగేసి జరుగుతుంది, ఇంగ్లండ్ గడ్డ మీదే ఫ్రాన్స్ సిగ్నల్ వస్తుంది. ఇలాంటి చోట్ల నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి, మీరున్న దేశం ఆపరేటర్ పేరు చేత్తో ఎంచుకోవాలి. దాటాక మళ్లీ ఆటోమేటిక్ పెట్టడం మరిచిపోతే ఫోన్ "నో సర్వీస్" అని కూర్చుంటుంది.

ఇంగ్లిష్ ఛానెల్ ఫెర్రీ ఎక్కితే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి. నడిసముద్రంలో ఓడలో కనిపించే నెట్‌వర్క్ ఉపగ్రహం ద్వారా వచ్చేది, దానికి ఏ దేశపు ఉచిత రోమింగూ వర్తించదు. విమానంలో వచ్చే సిగ్నల్ సంగతీ ఇంతే.

ఇక ఏది కొనాలి. దారులు మూడు: మన సిమ్‌కే రోమింగ్ ప్యాకు, ఆన్‌లైన్‌లో కొనే ట్రావెల్ ఈసిమ్ (కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకే దిగే సిమ్), అక్కడ దిగాక కొనే సిమ్.

అరవై దాటిన అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లు వెళ్తుంటే, ఖర్చు ఎక్కువైనా మన ఆపరేటర్ రోమింగ్ ప్యాకే మేలు. నంబర్ మారదు, సిమ్ మార్చే పని లేదు, ఓటీపీలు వస్తాయి. ఇంకో సుగుణం కూడా ఉంది. రోమింగ్‌లో మామూలుగా డేటా ముందు ఇండియాలోని ఆపరేటర్ దగ్గరికి వచ్చి, అక్కడినుంచి బయటికి వెళ్తుంది. కాబట్టి బ్యాంకు యాప్‌కైనా సినిమాల యాప్‌కైనా మీరు ఇండియాలో ఉన్నట్టే లెక్క. దానికి మూల్యం వేగం. అడిగిన ప్రతి పేజీ ఇండియా దాకా వెళ్లి రావాలి, మ్యాప్ తెరుచుకోవడానికి ఒక క్షణం ఎక్కువే పడుతుంది. ప్యాకు ఇంట్లో ఉండగానే వేయించుకోవాలి. జాబితాలో స్విట్జర్లాండ్ ఉందా అన్నదొకటి, రోజు లెక్క 24 గంటలా లేక క్యాలెండర్ తేదీయా అన్నదొకటి చూడాలి. దోహా, దుబాయ్, అబుదాబీల్లో విమానం మారేవాళ్లు అక్కడ ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచి ఎయిర్‌పోర్టు వైఫై వాడుకోవడం మంచిది. ఆ దేశం ప్యాకులో ఉంటే రెండు గంటల కోసం ఒక రోజు కరిగిపోతుంది, లేకపోతే విడిగా బిల్లు పడుతుంది.

ఫోన్ కాస్త చూసుకోగలిగినవాళ్లకి ఈసిమ్ చవక, సుఖం. మన సిమ్ దాని స్లాట్‌లోనే ఉంటుంది, ఈసిమ్ డేటాకి మాత్రమే. ఫోన్‌లో *#06# నొక్కండి. ఐఎమ్ఈఐతోపాటు ఈఐడీ అని 32 అంకెలు కనిపిస్తే ఈసిమ్ పడుతుంది. 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను మన దేశంలో తీసేయమని టెలికాం శాఖ చెప్పింది. విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే అనుమతిపత్రం ఉండాలి, అది లేదన్నది కారణం. కాబట్టి అనుమతి ఉన్న కంపెనీ దగ్గరే కొనండి. అన్‌లిమిటెడ్ అని రాసినవాటిలో రోజుకి ఇంత దాటితే వేగం తగ్గిస్తాం అనే షరతు, హాట్‌స్పాట్ కుదరదనే షరతు దాగి ఉంటాయి. భార్యాభర్తలు ఒక్కటే కొని హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకుంటే ఆ రెండోది ముందు చూడాలి.

ఈసిమ్‌ను ఇంట్లో వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్లండి. గడువు ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచా, అక్కడి నెట్‌వర్క్ పట్టుకున్న రోజు నుంచా అన్నది చదివాకే చేయాలి. ఒకసారి పడ్డాక పనిచేయట్లేదని డిలీట్ చేయకండి. ఈసిమ్ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఎక్కువ కంపెనీలు ఇచ్చే క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనికొస్తుంది.

దిగాక నెట్ రాకపోవడానికి మొదటి కారణం ఎప్పుడూ ఒకటే. "విదేశంలో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంచు" అని ఇంట్లో అందరూ చెప్పి పంపుతారు, వీళ్లు రెండు సిమ్‌లకీ ఆఫ్ చేస్తారు. ట్రావెల్ ఈసిమ్ అసలు పుట్టుకే వేరే దేశపు ఆపరేటర్ దగ్గర, యూరప్‌లో అది ఎప్పుడూ రోమింగ్‌లోనే ఉంటుంది. దాని రోమింగ్ ఆన్, ఇండియా సిమ్ రోమింగ్ ఆఫ్. మొబైల్ డేటా లైన్‌గా ఈసిమ్‌ను ఎంచుకోవాలి. ఐఫోన్‌లో ఆ కిందే "మొబైల్ డేటా స్విచింగ్" అనే మీట ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. లేదంటే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ డేటాను ఇండియా సిమ్ మీదికి తోసేయొచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే ఏపీఎన్ (ఫోన్ ఏ దారిన నెట్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) చూడాలి. కంపెనీ మెయిల్‌లో ఇచ్చిన ఆ ఒక్క పదాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టి, ఫోన్ ఆపి తీయండి.

ఈసిమ్‌తో సాధారణంగా ఫోన్ నంబర్ రాదు. వాట్సాప్ మీ పాత నంబర్‌తోనే నడుస్తుంది. సిమ్ మారిందని గమనించి నంబర్ మార్చాలా అని అడిగితే వద్దనండి. ఓటీపీల కోసం ఇండియా సిమ్ ఆన్‌లోనే ఉండాలి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకి మామూలుగా డబ్బు పడదు, ఎత్తిన కాల్‌కి పడుతుంది. అయితే ఇండియా సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ సదుపాయం ఆన్ చేసి ఉంటేనే ఆ సిమ్ అక్కడ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. ఇది డేటా రోమింగ్ మీట కాదు, ఆపరేటర్ దగ్గర చేయించుకునే పని. ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే సదుపాయం) ఆన్‌లో ఉందా అన్నదీ చూడండి. జర్మనీలో 3జీని 2021లోనే తీసేశారు.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఫోన్ అయితే రెండు మెలికలు. వాయిదాల మీద అక్కడి ఆపరేటర్ దగ్గర కొన్నదైతే లాక్ అయి ఉండొచ్చు, వేరే ఏ సిమ్ పెట్టినా ఒప్పుకోదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ దగ్గర "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉండాలి. రెండోది, అమెరికా మార్కెట్‌కి చేసిన ఐఫోన్ 14, ఆ తర్వాతివాటికి సిమ్ పెట్టే ట్రేనే లేదు. మన నంబర్‌ను కూడా ఈసిమ్‌గా మార్పించుకోవాలి. ఇది ప్రయాణానికి ముందు రోజు చేసే పని కాదు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, ఓటీపీలు రావు. వారం ముందే కానిచ్చేయండి.

అక్కడ దిగి సిమ్ కొనడం ఒకే చోట రెండు, మూడు వారాలు ఉండేవాళ్లకి లాభం. పిల్లల దగ్గరికి మ్యూనిక్‌కో, పారిస్‌కో వెళ్లినవాళ్లు ఇది చేయొచ్చు. బస్సు టూర్‌వాళ్లకి కుదరదు. గైడు ఇచ్చిన నలభై నిమిషాల్లో షాపు వెతుక్కోవడం, పాస్‌పోర్టు చూపించి రిజిస్టర్ చేయించుకోవడం, అది యాక్టివేట్ అయ్యేదాకా ఆగడం ఎవరివల్లా కాదు. జర్మనీలో 2017 నుంచి గుర్తింపు తనిఖీ లేనిదే ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో ఊళ్లో షాపులు మూసేస్తారు, రైల్వే స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్టులోనో తప్ప దొరకదు. ప్యాకు మీద చాలాసార్లు రెండు అంకెలుంటాయి, ఆ దేశంలో ఇంత, మిగతా యూరప్‌లో ఇంత అని. పక్క దేశపు ఆపరేటర్‌కి మీ ఆపరేటర్ డబ్బు కట్టాలి, దానికి గరిష్ఠ పరిమితి 2026లో జీబీకి 1.10 యూరోలు. అందుకే ఆ రెండో అంకె చిన్నది. టూర్‌కి లెక్కలోకి వచ్చేది అదే.

అక్కడి సిమ్‌కి నాలుగంకెల పిన్ ఉంటుంది, ఫోన్ ఆపి తీసిన ప్రతిసారీ అడుగుతుంది. మనకి అలవాటు లేని సంగతి. మూడుసార్లు తప్పు కొడితే లాక్ పడి, దాన్ని తీసే పీయూకే అనే కోడ్ అడుగుతుంది. అది సిమ్ విరిచి తీసిన ప్లాస్టిక్ కార్డు మీద ఉంటుంది, ఆ కార్డు అప్పటికే షాపు చెత్తబుట్టలో ఉంటుంది. ఊడదీసిన మన సిమ్‌ను సెల్లోటేపుతో ఆ కార్డుకే అంటించి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుంటే రెండూ భద్రం.

హోటల్ వైఫైని నమ్ముకుని డేటా తక్కువ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. గ్రూపు హోటళ్లు ఊరి బయట ఉంటాయి. రాత్రి భోజనాలయ్యాక నలభై ఐదు మంది ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేస్తారు. పేరు, రూమ్ నంబర్ అడిగే లాగిన్ పేజీ మన పేర్ల దగ్గర మొరాయిస్తుంది. అది అడిగే "లాస్ట్ నేమ్" అంటే హోటల్ కంప్యూటర్‌లో ఉన్నది. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు ఆ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీ. గ్రూపు బుకింగ్‌లో రూమ్ అసలు టూర్ మేనేజర్ పేరు మీదో కంపెనీ పేరు మీదో ఉండొచ్చు. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, తర్వాత మేనేజర్ పేరు కొట్టి చూడండి. అవేవీ కాకపోతే రిసెప్షన్‌లో వోచర్ కోడ్ అడిగితే ఇస్తారు. లాగిన్ పేజీయే తెరుచుకోకపోతే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనేదాన్ని ఆఫ్ చేయాలి, వీపీఎన్ ఉంటే అదీ ఆపాలి. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా మూడున్నర గంటలు. అక్కడ పొద్దున ఆరింటికి మనకి తొమ్మిదిన్నర, హోటల్ వైఫై ఖాళీ. ఫొటోల బ్యాకప్, ఇంటికి కాల్ రెండూ అప్పుడు పెట్టుకోవచ్చు. బస్సు వైఫై మాటకొస్తే, అది ఒక్క సిమ్‌ను బస్సంతా పంచుకోవడం. వాట్సాప్ మెసేజీలకి సరి, అంతకు మించి ఆశపడొద్దు.

ఎంత డేటా కావాలి? దారి చూపించే మ్యాప్ గంటకి 5 నుంచి 10 ఎంబీ. వాట్సాప్ మాట నిమిషానికి అర ఎంబీ, వీడియో కాల్ నిమిషానికి 5 ఎంబీ దాకా. రీల్స్ గంట చూస్తే ముప్పావు జీబీ పైనే. రోజుకో అరగంట వీడియో కాల్, కొన్ని ఫొటోలు, మ్యాపులు అనుకుంటే పది రోజులకి 4 జీబీ, ముందుజాగ్రత్తగా 5 తీసుకుంటే చాలు. దీన్ని రెండు రోజుల్లో తినేసేది గూగుల్ ఫొటోస్ బ్యాకప్. మొబైల్ డేటా మీద అది ఆఫ్ చేసి, యాప్‌ల అప్‌డేట్లు వైఫై మీదే అని పెట్టండి. ఊళ్ల మ్యాపులు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ అనువాదం ఫైళ్లు ఇంట్లోనే దింపుకోవచ్చు.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌లో 3,454 మీటర్ల ఎత్తున కూడా సిగ్నల్ ఉంటుంది, అక్కడ ముందు చచ్చిపోయేది బ్యాటరీ. చలికి ముప్పై శాతం చూపిస్తూనే ఫోన్ ఆరిపోతుంది. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుని, కాల్ చేసేటప్పుడే బయటికి తీయండి.

తిరిగి శంషాబాద్‌లో దిగాక క్యాబ్ బుక్ చేద్దామంటే నెట్ రాదు, ఎందుకంటే డేటా లైన్ ఇంకా ఈసిమ్ మీదే ఉంటుంది. దాన్ని ఇండియా సిమ్‌కి మార్చండి, చేత్తో ఎంచుకున్న నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌లో పెట్టండి. ఈసిమ్ ప్రొఫైల్ తీసేయడం ఇల్లు చేరాక తీరిగ్గా చేయొచ్చు. తొందరలో ఇండియా నంబర్ ఈసిమ్‌నే డిలీట్ చేస్తే మళ్లీ ఆపరేటర్ చుట్టూ తిరగాలి.