స్కూలుకి ఫోన్: అసలు వద్దా, టీచర్‌కి అప్పగించాలా, బటన్ ఫోన్ చాలా?

జూన్ 12న బడులు తెరిచింది మొదలు తెలిసినవాళ్లంతా ఇదే అడుగుతున్నారు, ఎక్కువగా ఏడు నుంచి పది చదివే పిల్లల అమ్మానాన్నలు. క్లాసులో ఫోన్ తీయకూడదన్నదానికి ఎవరికీ పేచీ లేదు. అసలు ఫోన్ గేటు దాటి లోపలికి రావాలా, వస్తే ఎలాంటిది రావాలి అన్నదగ్గరే గొడవంతా.

పూర్తిగా వద్దంటే స్కూలుకి హాయి. ఫ్రాన్స్ 2018లోనే చట్టం చేసింది, 2023లో ఆంధ్రప్రదేశ్ కూడా బడుల్లో పిల్లల ఫోన్లు ఆపేసింది. ఒకసారి ధ్యాస మళ్లితే తిరిగి పాఠంలో పడటానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో 2023 నివేదికలో ఉంది, అంటే మన పీరియడ్‌లో సగం పోయినట్టే. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

కానీ నా లెక్కలో దీన్ని తేల్చేది స్కూలు టైమ్ కాదు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. బడి వదలగానే తిన్నగా ఇంటికొచ్చే పిల్లలు మన హైదరాబాద్‌లో ఎంతమంది? అటునుంచి అటే ట్యూషన్, తర్వాత బస్సో మెట్రోనో, అమ్మానాన్నలిద్దరూ హైటెక్ సిటీలో ఆఫీసుల్లో, మధ్యలో ఒక వాన పడిందంటే లకడీకాపూల్ దగ్గర బస్సు ఎప్పటికి కదులుతుందో దేవుడికే ఎరుక. కాయిన్ బాక్సులు ఎప్పుడో పోయాయి. కిరాణా కొట్టు దగ్గర నిలబడి "అంకుల్, ఒక్క కాల్" అని అడుక్కోవాల్సిందే.

పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేయడం రెండో దారి. 2025లో ఢిల్లీ హైకోర్టు, పూర్తి నిషేధం ఆచరణలో కుదరదంటూ, వీలైన చోట ఇలా చేయమంది. వినడానికి బాగుంది. కానీ క్లాసుకి నలభై ఫోన్లు, స్క్రీన్ పగిలితే ఎవరిది బాధ్యత? పాడైపోయిన పాత ఫోన్ టీచర్ చేతిలో పెట్టి అసలుది బ్యాగులో దాచుకునే ఘనులూ ఉంటారు. పైగా నాలుగింటికి చేతికొచ్చేది అదే స్మార్ట్‌ఫోన్, ఇక బస్సులో ఇల్లు చేరేదాకా రీల్సే.

అందుకే నా ఓటు బటన్ ఫోన్‌కి, మావాడికి కూడా ఈ ఏడాది అదే కొన్నాం. రెండు వేల లోపే దొరుకుతుంది, రోజూ ఛార్జింగ్ పెట్టక్కర్లేదు, పోయినా గుండె ఆగదు. ముఖ్యంగా అందులో చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి కాపలా అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం చూసుకోండి, కొన్ని 4జీ బటన్ ఫోన్లలో యూట్యూబ్ కూడా వస్తోంది. దీనికున్న పెద్ద లోపం పరువు. "డబ్బా ఫోన్" అని ఫ్రెండ్స్ ఏడిపిస్తారు, తొమ్మిదో క్లాసు పిల్లాడికి అది చిన్న విషయం కాదు. మావాడు నలుగురిలో దాన్ని బయటికే తీయడు. నాకు కావాల్సిందీ అదే. (ఫోన్ వద్దనే స్కూళ్లే హోంవర్కు వాట్సాప్‌లో పెడతాయి, దానికి ఇంట్లో అమ్మ ఫోన్ ఉంది.)

పిల్లలు ఎక్కడున్నారో చూపించే జీపీఎస్ వాచీలంటారా, చిన్నపిల్లలకైతే సరే, పెద్ద క్లాసుల పిల్లలు వారం తిరక్కుండా తీసి పక్కన పడేస్తారు.

స్కూలు బటన్ ఫోన్‌కి కూడా ససేమిరా అంటే పేరెంట్స్ మీటింగులో నలుగురు కలిసి అడగండి, సాయంత్రం గేటు దాటి బయటికొచ్చేదాకా స్విచాఫ్‌లోనే ఉంటుందని రాసిస్తామనండి. స్కూలు బస్సు ఇంటి ముందే దింపే పిల్లలకి ఇవేవీ అక్కర్లేదు, డ్రైవర్ నంబర్ మీ దగ్గర ఉంటే చాలు.