మాజీ సైనికుల సహాయ కేంద్రం, తిరుపతి: మా పెద్దమ్మను తీసుకెళ్ళాక

తిరుపతిలో కొందరు రిటైర్డ్ జవాన్లు నడిపే సహాయ కేంద్రానికి పోయిన వారం చంద్రగిరి నుంచి మా పెద్దమ్మను తీసుకెళ్ళాను. పెదనాన్న హవల్దారుగా చేసి, పింఛను రాకుండానే మిలిటరీ నుంచి బయటికొచ్చాడు, అందుకే ఆయన పోయాక కూడా 'పింఛనే లేదు, మనకింకేమొస్తుంది' అని ఆమె ఇన్నేళ్ళు ఎవరినీ అడగలేదు. అది తప్పని అక్కడే తెలిసింది. పింఛను లేని హవల్దారు, ఆ కింది ర్యాంకుల వాళ్ళకు, వాళ్ళు పోయాక వాళ్ళ భార్యలకు 65 ఏళ్ళు దాటితే, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం ఉంది, నెలకు 4,000గా ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి 8,000 చేశారు. వింటూనే పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

కౌంటర్‌లో కూర్చున్న పెద్దాయన 'రామ్మా, కూర్చో' అని పెదనాన్న డిశ్చార్జ్ బుక్కు (మిలిటరీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం) పేజీ పేజీ చూసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏమేం చూపించాలో తెలుగులో రాసిచ్చాడు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, అదీ వాళ్ళే చేశారు, రూపాయి తీసుకోలేదు. ఇంతకుముందు ఒక నెట్ సెంటర్‌లో డబ్బులు తీసుకుని తప్పు ఫారం నింపారు, ఆ టెన్షన్ ఇప్పుడు తీరింది.

నచ్చనిది ఒకటే, బయట బోర్డు చిన్నది, అదీ ఇంగ్లీషులో. ఊళ్ళల్లో ఉండే ముసలివాళ్ళకు ఈ చోటు ఎలా తెలుస్తుంది? నెలకోసారైనా పంచాయతీ ఆఫీసుల్లో కూర్చోమని అడిగి వచ్చాను. మీ ఇంట్లో మాజీ సైనికుల పిల్లలు చదువుకుంటున్నా, కూతురి పెళ్ళి ఉన్నా వెళ్ళి అడగండి, వాటికీ సాయం ఉంది.