ఎర్రబడ్డ పొయ్యి గొట్టాన్ని లోపలిదాకా చూసిన జయపురం మేస్త్రి

ఒడిశాలోని సిమిలిగుడలో మాకు నాలుగు గదుల బస ఉంది. దేవ్‌మాలి కొండ చూడడానికి వచ్చేవాళ్ళు చలికాలం రాత్రుళ్ళు మా హాల్లో పోత ఇనుప పొయ్యి చుట్టూ చేరతారు. డిసెంబరులో ఒక రాత్రి ఎవరో ఎండు నీలగిరి మొద్దులు నిండా కుక్కి, బూడిద తలుపు తెరిచి వదిలేశారు. నేను వచ్చేసరికి గొట్టం మూరెడు మేర ఎర్రగా కాలిపోయి ఉంది. పైనుంచి పిండిమర తిరిగినట్టు హోరు. నీళ్ళు పోయబోయిన కుర్రాణ్ణి ఆపాను, కాలిన పోత ఇనుము మీద నీళ్ళు పడితే పగులుతుంది. గాలి తలుపులన్నీ మూసి అందరినీ బయటికి పంపాం.

మర్నాడు ఊళ్ళో ఒకతను గొట్టాన్ని బయటినుంచి తట్టి, "ఏం కాలేదు, వెలిగించుకోండి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. జయపురంలో వెల్డింగ్ చేసే మేస్త్రి గారికి ఫోన్ చేశాను. మూడో రోజుకి గానీ రాలేదు. వచ్చాక ఆయన చూసిన తీరు మాత్రం చెప్పి తీరాలి.

ముందు పొయ్యి. లోపలి ఇటుకల్లో సన్నటి బీటల్ని వదిలేసి, రెండు ముక్కలైనదాన్ని తీసేశారు. మంటకి పైన అడ్డంగా ఉండే రేకు మధ్యలో కుంగింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చేసింది. "తలుపు అంచున గాలి దూరకుండా ఉండే తాడు పోయిందమ్మా, ఇక మంట మీ చేతిలో ఉండదు" అన్నారు.

తర్వాత చిమ్నీ. పైకెక్కి టోపీ విప్పి, ఫోన్‌లో టార్చి, వీడియో ఆన్ చేసి తాడుతో లోపలికి దించారు. ఆ వీడియో మూడుసార్లు చూశాను. అంటుకున్న మసి తారు తేనెపట్టులా ఉబ్బి, గుల్లగుల్లగా ఉంది. అంటే పొయ్యి వేడెక్కడం ఒక్కటే కాదు, చిమ్నీ లోపలే నిప్పంటుకుంది. ఆ హోరు అదే. ఎనిమిది అడుగుల లోతున లైనర్ (చిమ్నీ లోపలి గొట్టం) అతుకు గోరు దూరేంత విచ్చుకుంది. అందులోంచి పొగే కాదు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా గదుల్లోకి రావచ్చు. ఆ గోడకి అవతల చిన్నపిల్లలతో ఒక కుటుంబం దిగి ఉంది. మొదటి అతని మాట విని వెలిగించి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

లైనర్ దించి గీకితే తెల్లటి పొడి రాలింది. స్టీలని చెప్పి మాకు అమ్మింది జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు! దాని మీది జింకు పూత 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఖర్చు తగ్గుతుందని మాటు వేయమని అడిగాను. ఒప్పుకోలేదు. మొత్తం మార్చి స్టెయిన్‌లెస్ స్టీలు వేశారు. తడిగడ్డితో పొగ పెట్టి, పైన మూసి, ఒక్కో అతుకూ నాకు చూపించాకే డబ్బు తీసుకున్నారు.

చూసినందుకు 800 రూపాయలు, పని ఖర్చు వేరు. నాకు ఎక్కువనిపించలేదు. ఏమేం మార్చారో కాగితం మీద రాసివ్వలేదు, అది లోటే. ఆయన్ని పిలిచేవాళ్ళు నిచ్చెన ముందే సిద్ధం చేసుకోండి. మాకు పక్కింటి నిచ్చెన దొరికేసరికి గంట పట్టింది.