ఐదు బాక్సుల పెంటటోనిక్ చార్ట్: చుక్కలు సరే, వేళ్ల అంకెల సంగతేంటి?

గోడకు అంటించుకునే గిటార్ పెంటటోనిక్ (ఐదు స్వరాల వరుస) చార్ట్ కొనాలా వద్దా అంటే, కొనండి. ఎక్కడ నొక్కాలో చూపే చుక్కలను మాత్రం నమ్మండి, వాటిలో అచ్చేసిన వేళ్ల అంకెలను కళ్లు మూసుకుని నమ్మకండి. ఇలాంటి చార్టుల్లో సాధారణంగా ఎ మైనర్‌లో ఐదు బొమ్మలు (వీటినే బాక్సులంటారు), రూట్‌కు (మూల స్వరానికి) వేరే రంగు, చూపుడు వేలికి 1, చిటికెన వేలికి 4 ఉంటాయి.

మొదటి బాక్సే తీసుకోండి. ఆరో తీగ (అన్నిటికన్నా లావైనది) మీద 5, 8 ఫ్రెట్లు (గిటార్ మెడ, అంటే నెక్ మీది కడ్డీల మధ్య గడులు), తర్వాతి మూడు తీగల మీద 5, 7, చివరి రెంటి మీద మళ్లీ 5, 8. ఫ్రెట్‌కో వేలు అనే లెక్కన 8 దగ్గర చిటికెన వేలు వేస్తారు. వేగంగా కిందికి దిగే రన్‌కు (వరసగా వాయించే స్వరాలకు) అదే సరైనది. రెండో తీగ 8 నుంచి మూడో తీగ 7కు రావాలంటే ఉంగరం వేలు అక్కడ ముందే సిద్ధంగా ఉంటుంది. రెంటికీ ఉంగరం వేలే వాడితే అది ఎగిరి దూకాలి, మధ్యలో శబ్దం తెగుతుంది.

అదే 8 దగ్గర బెండ్ చేయాలంటే (తీగను పక్కకు నెట్టి శ్రుతి పెంచాలంటే) లెక్క మారుతుంది. చిటికెన వేలి ఒక్కదాని బలంతో తీగను పూర్తి స్వరం పైకి నెడితే చాలామందికి శ్రుతి అందదు. ఉంగరం వేలు వేసి, వెనకే మధ్య వేలు, చూపుడు వేలు అదే తీగ మీద ఆనించి, మూడూ కలిపి నెట్టాలి. బొటనవేలు నెక్ పైఅంచు మీదికి వస్తే పట్టు దొరుకుతుంది. ఒకే చుక్కకు రెండు వేళ్లూ సరైనవే. తర్వాత ఏం వాయిస్తామన్నదే తేల్చాలి. అచ్చులో ఒక్క అంకె వేసి వదిలేయడం ఈ చార్టుల అసలు లోపం.

నెక్ మీద చోటు కూడా ముఖ్యమే. 648 మిల్లీమీటర్ల స్కేల్ (తీగ మోగే భాగం పొడవు) ఉన్న గిటార్‌లో 1 నుంచి 4వ ఫ్రెట్ కడ్డీ దాకా సుమారు 97 మిల్లీమీటర్లు, 5 నుంచి 8 దాకా 77, 12 నుంచి 15 దాకా 52. అదే బాక్సును ఎఫ్ మైనర్ కోసం మొదటి ఫ్రెట్‌కు జరిపితే చిటికెన వేలు తప్పనిసరి. 12 దగ్గర ఉంగరం వేలు హాయిగా అందుతుంది. అక్కడ కూడా 4 వేయాల్సిందేనని పట్టుబట్టడంలో అర్థం లేదు.

మూడో బాక్సు దగ్గర మరింత జాగ్రత్త. ఆరు, ఐదు, నాలుగో తీగల మీద 10, 12కు మధ్య వేలు, చిటికెన వేలు. మూడో తీగ మీద 9, 12కు చూపుడు, చిటికెన. రెండో తీగ మీద 10, 13 వస్తాయి. ఇక్కడ చెయ్యి మొత్తం ఒక ఫ్రెట్ ముందుకు జరగాలి: 10కి చూపుడు వేలు, 13కి చిటికెన. అలాగే ఉండిపోయి మొదటి తీగ మీద 10, 12కు చూపుడు, ఉంగరం వేళ్లు. రెండో తీగ 10 దగ్గర కూడా 2 (మధ్య వేలు) అని అచ్చేసి చెయ్యి జరపమని చెప్పని చార్ట్‌ను కొనకండి. దాన్ని నమ్మి సాగదీస్తే మణికట్టు వంగి నొప్పెడుతుంది. రెండు, నాలుగు, ఐదో బాక్సుల్లో ఈ ఇబ్బంది లేదు, చెయ్యి జరపకుండానే వాయించవచ్చు.

చార్ట్ చూపలేనిది ఇంకొకటుంది. మొదటి బాక్సులో నాలుగో తీగ 7 నుంచి మూడో తీగ 7కు వేలు ఎత్తకూడదు. ఉంగరం వేలి కొనతో మొదలుపెట్టి, వేలి మెత్తటి భాగం మీదికి దొర్లించాలి. పూర్తిగా చదును చేస్తే రెండు తీగలూ కలిసి మోగుతాయి.

కొనేముందు బొమ్మ ఎటు తిరిగి ఉందో చూడండి. అడ్డంగా గీసిన వాటిలో సాధారణంగా లావు తీగ అట్టడుగున ఉంటుంది, నిలువు బొమ్మల్లో ఎడమ పక్కన. వేళ్ల అంకెలు లేకుండా చుక్కలు మాత్రమే ఉన్న చార్ట్ దొరికితే అదే మేలు. వేళ్లు మీరే పెన్సిల్‌తో రాసుకోండి, బెండ్ చేసే చుక్కల దగ్గర రెండు అంకెలూ వేయండి.