ఏది మేలు: మే నెలలో ఒక్కరోజు శిక్షణా, శ్రావణం నుంచి సాగే తోటబడా?

మా వైపు పార్కుల్లో తోటపని నేర్పే కార్యక్రమాలు మూడు తీరులుగా నడుస్తుంటాయి. మొదటిది వేసవి సెలవుల్లో పెట్టే ఒక్కరోజు శిక్షణ. ఉదయం ఏడింటికి మొదలై ఎండ ముదిరేలోగా ముగుస్తుంది, వెళ్లేటప్పుడు చేతికి ఒక మొక్క ఇచ్చి పంపుతారు. రెండవది ఆగస్టు నెల సగంలో మొదలై, పదిహేను రోజులకొక ఆదివారం చొప్పున సంక్రాంతి దాటేదాకా సాగే తోటబడి. మూడవది పండుగను పట్టుకుని చేసేది; వినాయక చవితికి ముందు పత్రి గుర్తుపట్టే నడక, కార్తీకంలో వనభోజనం, మొక్కల మార్పిడి ఈ కోవలోకి వస్తాయి. నేను మూడింటికీ వెళ్లివచ్చాను. ఈమధ్య నెల్లూరులో మేడ మీద మిద్దెతోట వేయాలని సంకల్పించిన మా వీధి అమ్మాయి, “ఒక్క పూటలో అయిపోయేదైతే నాకు కుదురుద్ది బాబాయ్, దేనికి పొమ్మంటావు?” అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ జవాబు ఆమెకున్న తీరిక కన్నా మన ఊరి వాన మీద ఎక్కువగా ఆధారపడి ఉంది.

తోటపని గురించి తెలుగులో చెప్పేవారు చాలామంది తొలకరిని జూన్‌లో లెక్కగడతారు. తెలంగాణకూ గోదావరి జిల్లాలకూ ఆ లెక్క సరిపోతుంది. నైరుతి గాలి పడమటి కనుమలనూ పీఠభూమినీ దాటుకుని నెల్లూరు చేరేసరికి తన తడిని చాలావరకు దారిలోనే పోగొట్టుకుని ఉంటుంది; మృగశిర కార్తె ప్రవేశించిన తరువాత కూడా ఇక్కడ పడమటి గాలి పొయ్యి మీది ఆవిరిలా ముఖాన కొట్టే రోజులు ఉంటాయి. ఏడాదిలో పడే వానలో సగానికి మించినది అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాల వల్లా బంగాళాఖాతంలో లేచే వాయుగుండాల వల్లా కురుస్తుంది. కాబట్టి జూన్ 5న పర్యావరణ దినోత్సవమని పంచిపెట్టే మొక్కకు ఇక్కడ నాలుగు నెలల పాటు బిందెలతో నీళ్లు మోయవలసి ఉంటుంది. మోసేవారు ఉంటే మంచిదే. లేకపోతే దసరా నాటికి ఆ గుంటలో పుల్ల మిగులుతుంది.

ఒక్కరోజు శిక్షణకు నేను వెళ్లినది మే నెలలో, రోహిణి కార్తె ఇంకా రాకముందు. నేర్పినాయన పనితనానికి వంక పెట్టలేము. మట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి కుండీ నింపడం, అడుగున రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించడం, గింజను దాని మందానికి రెండింతల లోతులో వేయడం, ఇవన్నీ చక్కగా చూపించారు. చివరి అరగంటలో దానిమ్మ కొమ్మకు గాలి అంటు, అంటే చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేర్లు పుట్టించే కట్టు, కట్టి చూపించారు. మేము ముప్పై మంది చుట్టూ నిలబడి చూశాము, చప్పట్లు కొట్టాము, ఫోటోలు తీసుకున్నాము. ఇంటికి వచ్చిన మర్నాడే నేను పెరట్లో ఉన్న దానిమ్మకు అదే విధంగా నాలుగు అంట్లు కట్టాను. ఆ నాలుగింటిలో మూడు ఎండకు లోపలి కొబ్బరిపొట్టు అట్టముక్కలా గట్టిపడి, పైకొమ్మతో సహా మాడిపోయాయి. నాలుగవది పచ్చగానే ఉంది కానీ జూలైలో విప్పి చూస్తే ఒక్క వేరు కూడా లేదు, తీసేసిన బెరడు తిరిగి కలుసుకుని ఉంది. ఎక్కడ తప్పు జరిగిందో అడుగుదామంటే ఆ కార్యక్రమం ముగిసిపోయి రెండు నెలలయింది.

ఆ తప్పేమిటో తరువాత తోటబడిలో తెలిసింది. మేము వెళ్లిన తోటబడిలో గాలి అంట్లు హస్త కార్తె ప్రవేశించిన వారంలో, అంటే సెప్టెంబరు ముగిసే రోజుల్లో కట్టించారు. పెన్సిలు మందం ఉన్న కొమ్మను ఎంచుకుని, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా వలిచిన తరువాత, పార్కు తోటమాలి ఒకాయన నా చేతిలో కత్తిని తిరగేసి పట్టించి, దాని మొండి వైపుతో కొయ్య మీద ఉన్న జిగురు పొరను పూర్తిగా గీకించారు. వేలితో రాస్తే జారకుండా గరుకుగా తగలాలన్నది ఆయన పెట్టిన గురుతు. ఆ జిగురు పొర ఏ కాస్త మిగిలినా అది పైబెరడునూ కింది బెరడునూ మళ్లీ కలిపేస్తుంది. ఆకు తయారుచేసిన ఆహారం బెరడు గుండానే కిందికి దిగుతుంది, వేరు తాగిన నీరు మాత్రం కొయ్య గుండా పైకి వెళుతుంది. బెరడు తెగినచోట నీరు ఆగదు గనుక కొమ్మ వాడదు, ఆహారం మాత్రం అక్కడే పేరుకుని, తడి తగిలితే వేర్లుగా విడుస్తుంది. మే నెలలో నేను ఆ జిగురును గీకలేదు. గీకి ఉన్నా, మాడిపోయిన ఆ మూడింటిలో తడి నిలిచేందుకు గాలిలో చెమ్మ లేదు.

అందుకే హస్తకు ముందు ఈ పని ముట్టుకోవద్దని ఆ తోటమాలి అన్న మాట నాకు గుర్తుండిపోయింది. తడిపి పిండిన నాచును పిడికెడు ఆ గాయం చుట్టూ పెట్టి, పారదర్శకమైన పాలిథీన్ కాగితం చుట్టి, రెండు చివరలా పురికొసతో బిగించాము. పారదర్శకమైన కాగితమే ఎందుకంటే లోపల వేరు వచ్చినదీ రానిదీ విప్పకుండానే కనిపిస్తుంది. ఆరు వారాలకు, కార్తీకంలో జరిగిన తరగతి నాటికి, నాచులో తెల్లగా, అక్కడక్కడ గోధుమరంగుకు తిరుగుతున్న వేర్లు కాగితానికి ఆనుకుని కనిపించాయి. అందరం ఎవరి కొమ్మ దగ్గరకు వారు పరుగెత్తాము. కొమ్మను కింద కోసి, ఆకులు సగం తుంచి, కుండీలో పెట్టి నీడలో ఉంచాము, ఎందుకంటే గుప్పెడు వేర్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు. పదిహేనుమందిలో నలుగురివి పట్టలేదు. వారివి ఎందుకు పట్టలేదో విప్పి చూపించారు, నా దృష్టిలో ఆ రోజుటి అసలు పాఠం అదే.

మిగిలిన తరగతులను ఇంత వివరంగా చెప్పనవసరం లేదు. మఖ కార్తెలో, అంటే ఆగస్టు రెండో సగంలో, చిక్కుడు గింజలు పెట్టించారు. టమాటా, వంగ నారు పోయించి, నెల రోజుల లోపు మొక్కలను మళ్లలోకి మార్పించారు. వానలు రాకముందే మడి ఎత్తు అడుగుకు తక్కువ కాకుండా చేయించారు. ఈ ఎత్తు గురించి పట్టుబట్టడం అతిగా అనిపించింది గాని, 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు చూసినవారికి చెప్పనక్కరలేదు. వరద దాకా పోకపోయినా ఒక్క వాయుగుండానికి మూడు రోజులు నీళ్లు నిలిచిన మడిలో వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. మేడ మీద కుండీలకు ఇదే మాట వర్తిస్తుంది, కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి నీరు జారే దారి ఉంచాలి. డిసెంబరులో చిక్కుడు పూతకు పేనుబంక పట్టినప్పుడు లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా సాయంత్రం పూట కొట్టించారు. పురుగు వచ్చిన వారంలోనే పురుగు గురించి వినడం ఒక్కరోజు శిక్షణలో జరిగే పని కాదు.

తోటబడికి లోపాలు లేకపోలేదు. వాన వస్తే తరగతి రద్దవుతుంది, వాన రావడానికే ఈ కాలాన్ని ఎంచుకున్నాము కనుక అది తరచుగా జరుగుతుంది. మా తడవ రెండు ఆదివారాలు అలా పోయాయి, వాటి బదులు మరో రోజు పెట్టమని అడిగినా పెట్టలేదు. పెళ్లిళ్లు, ప్రయాణాలు ఉన్నవారు నాలుగు తరగతుల తరువాత జారుకుంటారు. చిన్నపిల్లలను అన్ని నెలలు తీసుకురావడం తల్లిదండ్రులకు సాధ్యం కాదు; పిల్లల మట్టుకు వేసవి శిక్షణే అనువు.

ఇక పండుగ కార్యక్రమాలు. వీటిని తోటపని శిక్షణ అనుకుని వెళితే నిరాశ తప్పదు, మొక్కలను గుర్తుపట్టడానికి మాత్రం వీటికి మించినవి లేవు. చవితికి ముందు జరిగే పత్రి నడకలో వావిలి, ఉత్తరేణి, మాచీపత్రి, విష్ణుక్రాంతం, మరువం ఆకులను నలిపి వాసన చూపిస్తూ తిప్పుతారు. బజారులో ఇరవై ఒక్క పత్రి అని కట్టగట్టి అమ్మేదానిలో దొరికిన ఆకునల్లా కలిపేస్తారన్న సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ ఇరవై ఒకటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషమున్నవి కనుక పూజ అయ్యాక పిల్లల చేతులు కడిగించాలన్న హెచ్చరిక కూడా వింటారు. కార్తీక వనభోజనం సంగతి వేరు. నెల్లి అంటే ఉసిరి అనీ, మూలస్థానేశ్వరుడు వెలసిన ఆ చెట్టు వల్లనే ఊరికి నెల్లూరని పేరు వచ్చిందనీ చెప్పుకునే చోట, ఉసిరి కొమ్మ ఒకటి విరిచి తెచ్చి నేలలో గుచ్చి దాని కింద విస్తళ్లు వేసిన వనభోజనాన్ని నేను చూశాను. చెట్టు ఉన్న పార్కుకే వెళ్లాలని నా పట్టు. అక్కడ వడ్డన మొదలయ్యేలోగా తోటమాలిని పట్టుకుంటే, మేలురకం అంటు ఉసిరి ఒక్కటే ఉంటే కాపు సరిగా నిలవదనీ, పక్కన వేరే రకం ఉసిరి ఉండాలనీ వంటి మాటలు నాలుగైనా దొరుకుతాయి.

వేసవి శిక్షణ దండగ అని నేను అనను, అందులో నేర్పే పాఠాలను మార్చాలంటాను. మే నెలలో మొక్కలు పంచడం మాని, మే నెల ఎండతోనే చేయదగిన పని నేర్పవచ్చు. మడిని తడిపి, దాని మీద పారదర్శకమైన పాలిథీన్ పట్టాను నేలకు అంటుకునేలా పరిచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే, కింద పుట్టే వేడికి కలుపు గింజలు, వేరుపురుగులు చాలావరకు చస్తాయి. మనకున్న ఎండకు ఇంతకు మించిన వినియోగం నాకు తోచడం లేదు. గింజ ఆరబెట్టి బూడిదలో దాచడం, వంటింటి చెత్తతో ఎరువు చేయడం, వేర్ల మీద ఎండుటాకులు కప్పడం కూడా అప్పుడే నేర్పదగినవి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉండి కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది; ఆ నీటికి బీన్సు వంటివి నిలవవనీ, గన్నేరు, కాగితంపూలు తట్టుకుంటాయనీ చెప్పడానికి ఎండాకాలమే సరైన సమయం, వానలు పడితే ఆ తెలుపు కడిగేసుకుపోతుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లావారు ఈ లెక్కను కొంచెం సవరించుకోవాలి. అక్కడ నైరుతి, ఈశాన్య కాలాల వానలు ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఒంగోలు తీరానికి నెల్లూరు లెక్కే దగ్గర, నల్లమలకు ఆనుకున్న గిద్దలూరు వైపు మాత్రం నైరుతి వానను నమ్ముకోవచ్చు. గిద్దలూరులో జూలైలో మొదలయ్యే తరగతులుంటే వాటికే వెళ్లమంటాను.

మా వీధి అమ్మాయికి చివరకు చెప్పినది ఇది. మిద్దెతోట నిజంగా వేయాలనుకుంటే మే నెలలో ఒక పూట వెళ్లి మట్టి కలపడం, ఎరువు చేయడం నేర్చుకుని కుండీలు సిద్ధం చేసుకో, మొక్క ఇస్తే నీళ్లు పోసే మనిషి ఉంటేనే తీసుకో. రెండింటిలో ఒకటే కుదిరేటట్లయితే తోటబడికే పేరివ్వు. పేరిచ్చే ముందు మాత్రం రెండు సంగతులు అడుగు: కట్టిన అంటును విప్పే రోజు వాళ్ల పట్టికలో ఉందా, వాన వల్ల పోయిన తరగతికి బదులు మరో రోజు ఇస్తారా. మొదటిదానికి లేదంటే ఆ తోటబడి ఎన్ని నెలలు సాగినా ఒక్కరోజు శిక్షణను ముక్కలు చేసి పెట్టినట్లే.

ఆమె ఆగస్టులో చేరింది. వీలు కుదరక రెండు తరగతులు తప్పింది, వంకాయలకు పుచ్చు పట్టింది, అంట్లు రెండింటిలో ఒకటి బతికింది. మాఘంలో రథసప్తమి నాడు పొద్దున్నే మేడ మీదికి పిలిస్తే వెళ్లాను. మఖలో పెట్టిన గింజ పందిరంతా పాకి ఉంది. ఆ పాదు నుంచే కోసిన కాయలను కొబ్బరి ఈనెలతో గుచ్చి ఆమె కొడుకు రథం చేస్తున్నాడు, చక్రం నిలబడక రెండుసార్లు విప్పి మళ్లీ గుచ్చాడు. చిక్కుడాకులో పెట్టిన పరమాన్నం నా చేతికిస్తూ, ఈ పాదులో ఏ కాయను గింజకు వదిలేయాలి బాబాయ్ అని ఆ అమ్మాయి అడిగింది.